రూటింగ్ టేబుల్‌లో తెలియని అడ్రస్‌లు కనిపిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఆడిటర్ ఆఫీసులు, కోచింగ్ సెంటర్లు, కాలేజీ ల్యాబుల నెట్‌వర్క్ పనులు చూస్తుంటాను. నెట్ స్లో అయినప్పుడు ఎవరో ఒకరు ఏదో వీడియో చూసి రూటింగ్ టేబుల్ చూపించే ‘రూట్ ప్రింట్’ కమాండ్ కొడతారు. స్క్రీన్ నిండా అంకెలు వస్తాయి. వెంటనే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు: “అన్నా, ఇవన్నీ ఎవరి ఐపీలు? సిస్టమ్ హ్యాక్ అయిందా?” ఆ టెన్షన్‌లోనే కొందరు కనిపించిన లైన్లు డిలీట్ చేసేస్తారు. అసలు సమస్య అక్కడ మొదలవుతుంది. అలా నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

రూటింగ్ టేబుల్‌లో కనిపించే అడ్రస్‌లు మన సిస్టమ్‌లోకి వచ్చినవాళ్లవా?

కావు. వచ్చిపోయేవాళ్ల పేర్లు రాసుకునే రిజిస్టర్ వేరే ఉంటుంది. మన సిస్టమ్ నుంచి బయల్దేరే ప్యాకెట్ (డేటా ముక్క) ఎటు వెళ్లాలో చెప్పే పట్టిక ఇది. ప్రస్తుతం ఏ అడ్రస్‌తో కనెక్షన్ నడుస్తోందో చూడాలంటే విండోస్‌లో ‘నెట్‌స్టాట్ -ఏఎన్ఓ’ కొట్టాలి. చివరి గడిలో ప్రాసెస్ నంబర్ వస్తుంది. టాస్క్ మేనేజర్‌లో ఆ నంబర్ ఏ ప్రోగ్రామ్‌దో చూసుకోవచ్చు.

రూటింగ్ టేబుల్‌లో ఏ లైనూ దానంతట అది పుట్టదు. ఆపరేటింగ్ సిస్టమ్ పెడుతుంది, లేదా రూటర్‌లోని డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు అడ్రస్‌లు పంచేది) పంపుతుంది, లేదా వీపీఎన్ (నెట్ మీద దూరపు నెట్‌వర్క్‌కు వేసే రహస్య దారి), వర్చువల్ మెషీన్ (సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్) లాంటి సాఫ్ట్‌వేర్ పెడుతుంది, లేదా ఎవరో చేత్తో టైప్ చేసి ఉంటారు. తెలియని లైన్ కనిపిస్తే ‘దీన్ని ఎవరు పెట్టారు’ అని వెతకండి. ఉంచాలా తీసేయాలా అన్నది ఆ తర్వాతి మాట.

టేబుల్ ఎలా చూడాలి?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘రూట్ ప్రింట్’ అని కొట్టండి. చివర ‘-4’ చేర్చితే ఐపీవీ4 (చుక్కలతో నాలుగు అంకెలుండే మామూలు అడ్రస్‌లు) లైన్లే వస్తాయి, కంటికి సుఖంగా ఉంటుంది. లినక్స్‌లో ‘ఐపీ రూట్’. మ్యాక్‌లో ‘నెట్‌స్టాట్ -ఆర్ఎన్’. అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే టైప్ చేయాలి. చూడటానికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు, మార్చాలంటే కావాలి.

విండోస్‌లో టేబుల్ కంటే ముందు ఇంటర్‌ఫేస్ లిస్ట్ వస్తుంది. చాలామంది దాన్ని దాటేసి కిందికి వెళ్తారు. నా మాట విని ముందు దాన్నే చదవండి. వైఫై, లాన్ కార్డుతో పాటు వర్చువల్‌బాక్స్, హైపర్-వీ, వీపీఎన్ అడాప్టర్ల పేర్లన్నీ అక్కడే ఉంటాయి. సగం అనుమానాలు ఆ పేర్లు చూడగానే తీరిపోతాయి.

ఒక లైన్‌ను ఎలా చదవాలి?

ఇంట్లో వైఫైతో నడిచే ఒక మామూలు ల్యాప్‌టాప్‌లోని రెండు లైన్లు చూద్దాం.

0.0.0.0 — 0.0.0.0 — 192.168.1.1 — 192.168.1.7 — 35
192.168.1.0 — 255.255.255.0 — ఆన్-లింక్ — 192.168.1.7 — 291

మొదటి గడి ఎక్కడికి వెళ్లాలో చెప్పే అడ్రస్. రెండోది మాస్క్, అంటే ఆ అడ్రస్‌లో ఎంత భాగం కచ్చితంగా కలవాలో చెప్పేది. మూడోది గేట్‌వే, ప్యాకెట్‌ను ఎవరి చేతికివ్వాలో అది. నాలుగోది మన సిస్టమ్‌లో ఏ కార్డు నుంచి బయటికి వెళ్లాలో చెబుతుంది. చివరిది మెట్రిక్, అంటే ఆ దారి ఖరీదు చెప్పే అంకె. గేట్‌వే గడిలో ‘ఆన్-లింక్’ అని ఉంటే, మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా అదే నెట్‌వర్క్‌లో ఉందని అర్థం.

ఒక అడ్రస్‌కు రెండు మూడు లైన్లు సరిపోతే ఎక్కువ కచ్చితంగా ఉన్న లైన్ గెలుస్తుంది. అనంతపురం నుంచి 44వ నంబర్ జాతీయ రహదారి మీద కర్నూలు వైపు పోతుంటే గుత్తి దగ్గర గుంతకల్లు వాళ్లు పక్కకు తిరుగుతారు, మిగతావాళ్లంతా నేరుగా పోతారు కదా. 0.0.0.0 లైన్ ఆ ‘మిగతావాళ్లంతా’ అన్న బోర్డు. ఇంకే లైన్ సరిపోనప్పుడే దాని వంతు. రెండు లైన్లు సమానంగా కచ్చితమైనప్పుడే మెట్రిక్ చూస్తారు, తక్కువ ఉన్నది గెలుస్తుంది. పై రెండు లైన్లలో 291 ఎక్కువ, 35 తక్కువ. అయినా పక్క గదిలోని 192.168.1.20 ప్రింటర్‌కు వెళ్లే ప్యాకెట్ రెండో లైన్‌నే పట్టుకుంటుంది, ఎందుకంటే దాని మాస్క్ కచ్చితమైనది. మెట్రిక్ తక్కువున్న లైనే ఎప్పుడూ గెలుస్తుందని అనుకోవడం వల్లే చాలామంది టేబుల్‌ను తప్పుగా చదువుతారు.

నేను ఏమీ ఇన్‌స్టాల్ చేయలేదు. అయినా ఇన్ని లైన్లెందుకు?

127తో మొదలయ్యేవి సిస్టమ్ తనతో తాను మాట్లాడుకోవడానికి. అవి అన్ని సిస్టమ్‌లలోనూ ఉంటాయి. 224.0.0.0, మాస్క్ 240.0.0.0 అన్నది మల్టీకాస్ట్, అంటే ఒకేసారి కొందరికి పంపే సందేశాల కోసం. ప్రింటర్‌ను, టీవీని వెతకడం లాంటివి దాని మీదే నడుస్తాయి. 255.255.255.255 అంటే నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి వినపడే కేక. 192.168.1.255 మీ చిన్న నెట్‌వర్క్ వరకే వినిపించే కేక. 192.168.1.7కు పక్కన 255.255.255.255 మాస్క్ ఉందంటే అది మీ సిస్టమ్ సొంత అడ్రస్. వీటిలో దేన్నీ తాకొద్దు.

169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. ఇది ఏ దేశానిది?

ఏ దేశానిదీ కాదు. రూటర్ నుంచి అడ్రస్ అందకపోతే సిస్టమ్ తనకు తానే పెట్టుకునే అడ్రస్ ఇది. దాని పద్ధతిని 2005లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3927 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో రాశారు. ఈ అడ్రస్‌తో ఇంటర్నెట్‌కు వెళ్లలేం, పక్కనున్న సిస్టమ్‌తో మాట్లాడగలం, అంతే.

మన దగ్గర దీనికి ఎక్కువగా కనిపించే కారణం కరెంటు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వస్తుంది. సిస్టమ్ ఇన్వర్టర్ మీద ఉంటుంది, రూటర్ ఉండదు. లేదా రెండూ ఒకేసారి లేస్తాయి కానీ ఫైబర్ బాక్స్, రూటర్ పూర్తిగా తేరుకునే లోపు సిస్టమ్ అడ్రస్ అడిగి అడిగి విసిగిపోయి 169.254 పెట్టేసుకుంటుంది. విండోస్ ఆ తర్వాత కూడా ఐదు నిమిషాలకోసారి డీహెచ్‌సీపీని వెతుకుతూనే ఉంటుంది, కాబట్టి కాసేపు ఆగితే చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది. ఆగలేకపోతే ‘ఐపీకాన్ఫిగ్ /రిన్యూ’ కొట్టండి. రూటర్‌ను కూడా ఇన్వర్టర్ లైన్ మీదకు మారిస్తే ఈ బెడద చాలావరకు పోతుంది. ఆఫీసుల్లో నేను చేయించే మొదటి పని అదే.

కరెంటు సమస్య కాకపోతే కేబుల్ చూడండి, స్విచ్ పోర్టులో లైట్ వెలుగుతోందా చూడండి. కోచింగ్ సెంటర్లలో ఇంకో కారణం ఉంటుంది. రూటర్ ఇవ్వగలిగిన అడ్రస్‌లు పిల్లల ఫోన్లకే అయిపోతాయి. ఆఫీసు సిస్టమ్‌కు మిగలదు. అక్కడ అడ్రస్‌ల రేంజ్ పెంచాలి, లేదా లీజు టైమ్ (ఒక అడ్రస్ ఒకరి దగ్గర ఉండే గడువు) తగ్గించాలి, లేదా ఆఫీసుకు వేరే వైఫై పెట్టాలి. నేనైతే మూడోదే చేస్తాను. బిల్లింగ్ సిస్టమ్‌లు, విద్యార్థుల ఫోన్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉండటం ఎలాగూ మంచిది కాదు.

వైఫై బాగా పనిచేస్తూ, టేబుల్‌లో మాత్రం 169.254 లైన్ ఒకటి కనిపిస్తుంటే నాలుగో గడి చూడండి. ఖాళీగా ఉన్న ఏదో వర్చువల్ అడాప్టర్‌దై ఉంటుంది. కొన్ని లినక్స్ సిస్టమ్‌లలో మెట్రిక్ 1000తో ఈ లైన్ ఊరికే ఉంటుంది. రెండూ హాని చేయవు.

0.0.0.0 లైన్ రెండుసార్లు ఉంది. తప్పేనా?

తప్పు కాదు కానీ ఆలోచించాల్సిన విషయమే. లాన్ కేబుల్, వైఫై రెండూ తగిలించి ఉంటే రెండు డీఫాల్ట్ గేట్‌వేలు (ఇంకే లైన్ సరిపోనప్పుడు వెళ్లే దారులు) వస్తాయి. కేబుల్ పెట్టి, నెట్ రావట్లేదని ఫోన్‌ను కూడా యూఎస్‌బీతో కలిపినా అంతే. మెట్రిక్ తక్కువున్నది పని చేస్తుంది. విండోస్ లింక్ స్పీడును బట్టి మెట్రిక్ వేస్తుంది. లినక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా కేబుల్‌కు 100, వైఫైకి 600 ఇస్తుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మెట్రిక్ తక్కువున్న దారికి అసలు నెట్ లేనప్పుడు. ఒక బట్టల షాపులో చూశాను. బిల్లింగ్ సిస్టమ్‌కు వైఫై నెట్ ఉంది. లాన్ కేబుల్ సీసీ కెమెరాల రికార్డర్‌కు వెళ్తుంది, దానికి ఇంటర్నెట్ లేదు. కెమెరాలు బిగించినాయన లాన్ కార్డుకు చేత్తో ఐపీ పెడుతూ గేట్‌వే గడిలో కూడా 192.168.10.1 రాసి వెళ్లాడు. కేబుల్ పెడితే నెట్ పోతుంది, తీస్తే కెమెరాలు పోతాయి. షాపాయన వైఫై కంపెనీ వాళ్లను తిట్టుకుంటున్నాడు. రూట్ ప్రింట్‌లో మొదటి రెండు లైన్లు చూడగానే విషయం తెలిసిపోయింది. లాన్ కార్డు సెట్టింగ్స్‌లో గేట్‌వే గడి ఖాళీ చేస్తే రెండూ పని చేశాయి. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న రికార్డర్‌తో మాట్లాడటానికి గేట్‌వే అవసరమే లేదు. ఇంటర్నెట్ లేని కార్డుకు గేట్‌వే రాయకండి.

రెండు దారులకూ నెట్ ఉండి, ఫలానాదే ముందు వాడాలనుకుంటే ఆ కార్డు ఐపీవీ4 అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ మెట్రిక్ టిక్ తీసి చిన్న అంకె వేయండి. ఫోన్ డేటా ఒక్కపూటలో ఖాళీ అయిపోతోందని వాపోయేవాళ్లు తప్పక చూసుకోవాల్సింది ఇదే.

0.0.0.0కు మాస్క్ 128.0.0.0 అని, దాని కిందే 128.0.0.0కు కూడా అదే మాస్క్ అని ఉంది. ఇదేం వింత?

వీపీఎన్ పనితనం ఇది, ముఖ్యంగా ఓపెన్‌వీపీఎన్‌లో కనిపిస్తుంది. పాత డీఫాల్ట్ లైన్‌ను తీసేయకుండానే ట్రాఫిక్ అంతా తన వైపు తిప్పుకోవాలి. అందుకని ప్రపంచంలోని అడ్రస్‌లన్నిటినీ రెండు సగాలు చేసి రెండు లైన్లు పెడుతుంది. సగం అన్నది ‘మిగతా అంతా’ కంటే కచ్చితం కాబట్టి ఈ రెండే గెలుస్తాయి. వీపీఎన్ ఆపగానే ఇవి పోతాయి, పాత లైన్ చెక్కుచెదరకుండా ఉంటుంది. చాలా తెలివైన ఏర్పాటు.

వీటితో పాటు ఏదో పబ్లిక్ ఐపీ, పక్కన 255.255.255.255 మాస్క్, గేట్‌వేగా మీ ఇంటి రూటర్ ఉన్న లైన్ ఒకటి వస్తుంది. దాన్ని చూసే చాలామంది భయపడతారు. అది వీపీఎన్ సర్వర్ అడ్రస్. ఆ సర్వర్‌కు వెళ్లే ప్యాకెట్లు కూడా వీపీఎన్‌లోకే దూరితే తిరిగి తిరిగి అక్కడే ఉండిపోతాయి, అందుకే వాటికి మాత్రం అసలు దారి చూపిస్తుంది.

బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచి పని చేసేవాళ్లు మన ఊళ్లో ఎందరో ఉన్నారు. వాళ్లకు ఇంకో చిక్కు వస్తుంటుంది. ఇంట్లో రూటర్ 192.168.1.0 ఇస్తుంది, ఆఫీసులో కూడా అదే రేంజ్. వీపీఎన్ కలిపితే ఒకే గమ్యానికి, ఒకే మాస్క్‌తో రెండు లైన్లు. అప్పుడు ఇంటి ప్రింటరైనా పలకదు, ఆఫీసు సర్వరైనా పలకదు. ఇంటి రూటర్ రేంజ్‌ను 192.168.77.0 లాంటి ఎవరూ పెట్టుకోని అంకెకు మార్చడమే సులువు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం రూట్లు మార్చొద్దు, వాళ్ల ఐటీ వాళ్లకే చెప్పండి.

వీపీఎన్ మధ్యలో క్రాష్ అయితే ఈ లైన్లు ఒక్కోసారి మిగిలిపోతాయి. నెట్ ఐకాన్ బాగానే ఉంటుంది, ఏ సైటూ తెరుచుకోదు. రీస్టార్ట్ చేస్తే పోతాయి.

మా అబ్బాయి ఇంజినీరింగ్. వాడి ల్యాప్‌టాప్‌లో 172, 192.168.56 లాంటివి చాలా ఉన్నాయి.

ల్యాబ్ పనుల కోసం వేసుకున్న సాఫ్ట్‌వేర్లవి. 192.168.56.0 వర్చువల్‌బాక్స్‌ది. 172.17.0.0 డాకర్‌ది, దానిలో కంటెయినర్ (విడిగా నడిచే ప్రోగ్రామ్ పెట్టె) ఏదీ నడవనప్పుడు లినక్స్‌లో పక్కన ‘లింక్‌డౌన్’ అని కూడా ఉంటుంది. ఉబుంటులో 192.168.122.0 కనిపిస్తే అది లిబ్‌వర్ట్ అనే వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌ది. విండోస్‌లో 172తో మొదలై రీస్టార్ట్ చేసినప్పుడల్లా మారిపోతుంటే హైపర్-వీ లేదా విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌ది. మారుతుండటం చూసి ఎవరో ఆడిస్తున్నారని అనుకుంటారు. దాని తీరే అంత.

192.168.137.0 అంటే ఆ ల్యాప్‌టాప్ నుంచే మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేశారన్నమాట. 172.20.10.0కు మాస్క్ 255.255.255.240 ఉంటే ఐఫోన్ హాట్‌స్పాట్‌కు కనెక్ట్ అయి ఉన్నారు.

ఒక్క జాగ్రత్త. కాలేజీ నెట్‌వర్క్ కూడా 172.17లోనే ఉంటే డాకర్ వేసిన రోజు నుంచి కాలేజీ సర్వర్ తెరుచుకోదు. అప్పుడు డాకర్ రేంజ్ మార్చుకోవాలి.

10తో, 100తో మొదలయ్యేవి?

10.0.0.0, 172.16 నుంచి 172.31 వరకు, 192.168 — ఈ మూడూ లోపలి నెట్‌వర్క్‌ల కోసమే కేటాయించినవి. 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 1918 నుంచి ఇదే నియమం. ఎక్కడో విదేశంలో ఈ అడ్రస్‌లు ఉండవు. 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవాటిని 2012లో నెట్ కంపెనీల కోసం పక్కన పెట్టారు. ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచేటప్పుడు వాడతారు. మామూలుగా అది రూటర్‌లో ఉంటుంది. సిస్టమ్‌లోనే కనిపిస్తే, నెట్ కేబుల్ రూటర్ లేకుండా నేరుగా సిస్టమ్‌కు పెట్టారేమో చూడండి. లేదంటే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ ఉందేమో చూడండి, అది కూడా ఈ రేంజే వాడుతుంది.

ఐపీవీ6 లైన్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

ఐపీవీ6 అంటే ఐపీవీ4 తర్వాత వచ్చిన పొడవాటి అడ్రస్‌ల పద్ధతి. ఎఫ్ఈ80తో మొదలయ్యేవి లోపలి లింక్ అడ్రస్‌లు, ఎఫ్ఎఫ్00 మల్టీకాస్ట్. ఒకే కార్డుకు నాలుగైదు అడ్రస్‌లు ఉండటం ఐపీవీ6లో మామూలే. కొన్ని తాత్కాలికం, ప్రైవసీ కోసం మారుతుంటాయి.

మ్యాక్‌లో మా ఇంటి ఫోన్లు, టీవీ అడ్రస్‌లు కూడా టేబుల్‌లో ఉన్నాయే?

మ్యాక్ తాను మాట్లాడిన పక్క పరికరాల అడ్రస్‌లను కూడా ఇదే టేబుల్‌లో ఒక్కో లైన్‌గా చూపిస్తుంది. విండోస్, లినక్స్ వాటిని వేరే ఏఆర్‌పీ టేబుల్‌లో (పక్క పరికరాల పట్టికలో) పెడతాయి. తేడా అంతే.

లాడ్జి వైఫైకో, స్టేషన్ వైఫైకో కనెక్ట్ అయ్యాక కొత్త లైన్లు వచ్చాయి. నమ్మొచ్చా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ల భయంలో నిజం ఉంది. డీహెచ్‌సీపీలో 121వ ఆప్షన్ అని ఒకటుంది, 2002 నాటిది. దాని ద్వారా రూటర్ మీ సిస్టమ్‌కు రూట్లు కూడా పంపగలదు. పెద్ద ఆఫీసుల్లో దాన్ని మంచి పనికే వాడతారు. కానీ 2024 మేలో ‘టన్నెల్‌విజన్’ పేరుతో పరిశోధకులు ఒక దాడి పద్ధతి చూపించారు. నెట్‌వర్క్‌లో చెడ్డ డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టినవాడు ఈ ఆప్షన్‌తో వీపీఎన్ లైన్ల కంటే కచ్చితమైన లైన్లు పంపితే, మీ ట్రాఫిక్ వీపీఎన్‌లోకి వెళ్లకుండా పక్కకు జారుతుంది. వీపీఎన్ మాత్రం ‘కనెక్టెడ్’ అనే చూపిస్తుంది. ఆండ్రాయిడ్ ఆ ఆప్షన్‌ను పట్టించుకోదు కాబట్టి ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆ బాధ లేదు.

కాబట్టి బయటి వైఫైలో వీపీఎన్ ఆన్ చేసి ఉండగా, మీకు తెలియని పబ్లిక్ రేంజ్‌లకు ఆ వైఫై గేట్‌వేనే దారిగా చూపే లైన్లు కనిపిస్తే ఆ వైఫై వదిలేయండి. బ్యాంకు పని ఉంటే ఫోన్ డేటాతో చేసుకోండి.

వైరస్ రూట్లు పెట్టడం అసలు జరగదా?

జరుగుతుంది, అరుదుగా. యాంటీవైరస్ కంపెనీల అడ్రస్‌లకు తప్పుడు దారి చూపించి అప్‌డేట్లు రాకుండా చేసే వైరస్‌లు వచ్చాయి. అనుమానం గట్టిగా ఉంటే గుర్తులు ఇవి: పబ్లిక్ అడ్రస్‌లకు చాలా లైన్లు, గేట్‌వేగా మీ నెట్‌వర్క్‌లో లేని పరికరం, పైగా అవి పర్సిస్టెంట్ రూట్స్ (రీస్టార్ట్ చేసినా పోని లైన్లు) కింద ఉండటం. అలాంటప్పుడు లైన్లు తీసి ఊరుకుంటే చాలదు, పెట్టిన ప్రోగ్రామ్ మళ్లీ పెడుతుంది. పూర్తి స్కాన్ చేయండి. హోస్ట్స్ ఫైలు (సైట్ల పేర్లకు అడ్రస్‌లు రాసి ఉండే ఫైలు), ప్రాక్సీ సెట్టింగ్ (ట్రాఫిక్‌ను మధ్యవర్తి సర్వర్ ద్వారా పంపేది), రూటర్‌లో డీఎన్ఎస్ (సైటు పేరును అడ్రస్‌గా మార్చేది) కూడా చూడండి. మోసాలు రూటింగ్ టేబుల్‌లో కంటే ఈ మూడు చోట్ల జరిగే అవకాశమే ఎక్కువ.

లైన్ ఎవరు పెట్టారో సిస్టమే చెబుతుందా?

లినక్స్ చెబుతుంది. లైన్ చివర ‘ప్రోటో కెర్నల్’ అంటే సిస్టమ్ పెట్టింది, ‘ప్రోటో డీహెచ్‌సీపీ’ అంటే రూటర్ పంపింది, ‘ప్రోటో స్టాటిక్’ అంటే ఎవరో సెట్టింగ్స్‌లో రాశారు. ఫలానా అడ్రస్‌కు ఏ దారి పడుతుందో తెలియాలంటే ‘ఐపీ రూట్ గెట్’ తర్వాత ఆ అడ్రస్ కొట్టండి. లినక్స్‌లో టేబుల్స్ ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు. టెయిల్‌స్కేల్ తన లైన్లను 52వ టేబుల్‌లో పెడుతుంది, మామూలు ‘ఐపీ రూట్’లో అవి కనపడవు. ‘ఐపీ రూల్’ కొడితే వేరే టేబుల్స్ ఉన్నాయో లేదో తెలుస్తుంది.

విండోస్‌లో అయితే పవర్‌షెల్‌లో ‘ఫైండ్-నెట్‌రూట్’ వాడొచ్చు. ఎవరు పెట్టారో తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి మాత్రం ఇంకా సులువు. అనుమానం ఉన్న ప్రోగ్రామ్ ఆపి, టేబుల్ మళ్లీ చూస్తాను. లైన్ పోయిందా, దొంగ దొరికినట్టే.

డిలీట్ చేయాలంటే?

ముందు టేబుల్ మొత్తం ఫొటో తీసి పెట్టుకోండి. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘రూట్ డిలీట్’ తర్వాత ఆ అడ్రస్ కొట్టాలి. ‘రూట్ -ఎఫ్’ మాత్రం ఎవరు చెప్పినా కొట్టొద్దు, అది గేట్‌వే లైన్లన్నీ ఒకేసారి తుడిచేస్తుంది. పక్కనే కూర్చుని ఉంటే రీస్టార్ట్‌తో బయటపడొచ్చు. ఎనీడెస్క్‌లో దూరం నుంచి చేస్తుంటే ఆ క్షణమే లైన్ తెగిపోతుంది, ఇక బండి తీసుకుని వెళ్లాల్సిందే.

రూటర్ మార్చాం. అనంతపురం ఆఫీసులో నెట్ వస్తోంది, కర్నూలు బ్రాంచి సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోవట్లేదు.

రూట్ ప్రింట్ చివర ‘పర్సిస్టెంట్ రూట్స్’ అన్న భాగం చూడండి. బ్రాంచి నెట్‌వర్క్ 192.168.20.0 అనుకుందాం. దానికి దారిగా పాత పరికరం 192.168.1.254 అని ఎప్పుడో ఎవరో ‘రూట్ -పీ యాడ్’తో రాసి ఉంటారు. ఆ పరికరం ఇప్పుడు లేదు, లైన్ మాత్రం ఉంది. ఈ లైన్లు విండోస్ రిజిస్ట్రీలో ఉంటాయి కాబట్టి రీస్టార్ట్ చేసినా పోవు, కొత్త రూటర్‌ను ఎన్నిసార్లు రీసెట్ చేసినా పోవు.

పాత లైన్ డిలీట్ చేయండి. కొత్త రూటర్ కర్నూలుతో వీపీఎన్ కలుపుతుంటే సిస్టమ్‌లో వేరే లైన్ అక్కర్లేదు. డీఫాల్ట్ గేట్‌వే ఆ రూటరే కాబట్టి ప్యాకెట్ ఎలాగూ దాని దగ్గరికే వెళ్తుంది, మిగతా దారి అది చూసుకుంటుంది. వీపీఎన్ వేరే పరికరంలో ఉంటే ఆ దారిని రూటర్‌లో ఒక్కచోట రాయండి. ప్రతి సిస్టమ్‌లో రాస్తే వచ్చేసారి మళ్లీ అన్నీ తిరగాలి. కర్నూలు వైపు రూటర్‌లో కూడా అనంతపురానికి తిరుగు దారి ఉందో లేదో చూడండి. వెళ్లే దారి ఉండి వచ్చే దారి లేకపోతే పింగ్‌కు జవాబు రాదు, సాఫ్ట్‌వేర్ లాగిన్ పేజీ దగ్గరే తిరుగుతూ ఉంటుంది.